సర్టిఫికెట్టు చేతికొచ్చింది, పని చేతికి రాలేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. సీపీఆర్‌ను, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీని నొక్కుతూ, ఊపిరి ఊదుతూ ప్రాణం నిలిపే పద్ధతిని, ఇంట్లో కూర్చునే నేర్చుకోండంటూ ఆన్‌లైన్ కోర్సులు ఇప్పుడు కోకొల్లలుగా వస్తున్నాయి. కాసేపు వీడియో, చివర పది ప్రశ్నలు, ఏడింటికి టిక్కు సరిగ్గా పడితే పేరు అచ్చయిన సర్టిఫికెట్టు. ఈ కోర్సులు వద్దనడానికి మేం ఈ ఉత్తరం రాయడం లేదు. ఇంకా రావాలి, ఇంకా ఎక్కువమంది చూడాలి. మా పేచీ ఒక్కటే. సీపీఆర్‌లో కంటికీ చెవికీ నేర్పాల్సింది కొంత ఉంది, చేతులకూ నడుముకూ నేర్పాల్సింది కొంత ఉంది. మొదటిదాన్ని తెర మీద భేషుగ్గా నేర్పొచ్చు, ఒక్కోసారి తరగతి గదిలోకన్నా బాగా. రెండోది ఎంత చూపించినా చూపుతో రాదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి ఒకే సర్టిఫికెట్టు ఇచ్చేస్తున్నారు.

ఈ విద్య పుట్టుక చూసినా సంగతి అర్థమవుతుంది. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కావెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు ఛాతీ కోయకుండానే, పైనుంచి నొక్కి రక్తాన్ని ఆడించవచ్చని ప్రకటించారు. కావలసింది రెండు చేతులే అన్నారు. అదే 1960లో నార్వేలో ఆటబొమ్మలు తయారుచేసే ఆస్‌ముండ్ లేర్డాల్ మనిషంత శిక్షణ బొమ్మను తయారుచేశాడు. పద్ధతీ బొమ్మా ఒకే ఈడువి. నొక్కితే ఎదురు తన్నే వస్తువు ఏదీ లేకుండా ఈ విద్య నేర్పడం ఆన్‌లైన్ కాలంలో వచ్చిన కొత్త అలవాటు.

ముందు తెర చేయగలిగిన పని గురించి. అందులో మొదటిది పేర్లు విడదీయడం, ఇందులో పత్రికలకూ వాటా ఉంది. గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోవడం. ఆ మనిషి సాధారణంగా మెలకువగానే ఉంటాడు. ఛాతీ పట్టేసిందంటాడు, చెమటలు పడతాయి, మాట్లాడతాడు. అతనికి సీపీఆర్ అక్కర్లేదు. నడిపించకుండా కూర్చోబెట్టి అంబులెన్సును పిలవాలి. గుండె ఆగిపోవడం వేరు. అప్పుడు మనిషి పిలిస్తే పలకడు, మామూలుగా ఊపిరి తీయడు. గుండెపోటు దానికి ఒక కారణం కావచ్చు. కరెంటు షాకు, నీట మునగడం, గొంతులో ఏదో అడ్డుపడటం కూడా కారణాలే. వార్తల్లో మాత్రం అన్నిటికీ ‘గుండెపోటు’ అనే రాస్తున్నారు. ఆ ఒక్క మాటతో జనం రెండు వైపులా తప్పుతున్నారు. మెలకువగా మాట్లాడుతున్నవాడి ఛాతీ నొక్కేవాళ్లు కొందరు, నిజంగా గుండె ఆగినవాణ్ణి ‘పోటు వచ్చింది, కదిలించకండి’ అని చుట్టూ నిలబడి చూసేవాళ్లు ఇంకొందరు. ‘గుండెపోటు’, ‘గుండె ఆగింది’ అని వార్తలో తేడా పాటిస్తే, కోర్సుల పని పావువంతు మీరే చేసినట్టవుతుంది.

గుండె ఆగిందని గుర్తుపట్టడం సీపీఆర్‌లో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. ఎక్కువమంది తడబడేది నొక్కడంలో కాదు, నొక్కాలా వద్దా అనే చోట. సామాన్యులు నాడి చూడాల్సిన పని లేదు. కంగారులో సొంత నాడినే అవతలివాడి నాడి అనుకునే అవకాశం ఉంది కాబట్టి, 2000 నాటి అంతర్జాతీయ సీపీఆర్ మార్గదర్శకాల్లోనే సామాన్యులకు ఆ మెట్టు తీసేశారు. రెండు భుజాలు తట్టి గట్టిగా పిలవాలి. పలక్కపోతే ముఖం, ఛాతీ చూడాలి, పది సెకన్లకు మించకుండా. పలకడం లేదు, మామూలుగా ఊపిరి లేదు. ఈ రెండు ‘లేదు’లూ చాలు, మొదలుపెట్టాలి.

‘మామూలుగా’ అన్న మాట దగ్గరే చిక్కంతా. గుండె ఆగిన తొలి నిమిషాల్లో చాలామందికి ఊపిరి లాంటిది ఒకటి వస్తుంది. దవడ కిందికి జారి నోరు తెరుచుకుంటుంది. గొంతులో గురకలాగానో, గర్రుమనో ఒక చప్పుడు. తల కాస్త ఎగిరినట్టవుతుంది. తర్వాత కొన్ని సెకన్లపాటు ఏమీ ఉండదు. మళ్లీ ఇంకొకటి. ఒడ్డున పడ్డ చేప నోరు తెరిచినట్టు ఉంటుంది. మన భాషలో దీనికి దగ్గర మాట ఉండనే ఉంది: ఎగశ్వాస. ఇది ఊపిరి కాదు, మెదడు అడుగుభాగం చేసే చివరి ప్రయత్నం. దాంతో గాలి సరిగా మారదు, రక్తం అసలే ఆడదు. చుట్టూ ఉన్నవాళ్లు దీన్ని చూసి ‘ఊపిరి ఆడుతోంది, ఫర్వాలేదు’ అనుకుంటారు. అలా అనుకుంటూనే విలువైన నిమిషాలు పోతాయి. ఇంకో మోసం కూడా ఉంది. గుండె ఆగిన వెంటనే మెదడుకు రక్తం అందక కొందరికి కాళ్లూ చేతులూ కొన్ని సెకన్లపాటు కొట్టుకుంటాయి. అది చూసి ఫిట్స్ అనుకుంటారు. కొట్టుకోవడం ఆగగానే మళ్లీ ఊపిరి చూడాలి.

ఇదంతా తెర మీద నేర్పాల్సిన పాఠం. తరగతిలో బొమ్మ ఎగశ్వాస తీయదు, వీడియోలో మనిషి నటించి చూపగలడు, చప్పుడుతో సహా. విచిత్రమేమిటంటే, చాలా కోర్సుల్లో పడిపోయిన నటుడు శవంలా కదలక పడుకుని ఉంటాడు. కాబట్టి కోర్సు చివర ‘ఎన్ని సెంటీమీటర్లు నొక్కాలి’ అని అడిగే బదులు పది చిన్న వీడియో ముక్కలు చూపాలి. నిద్రలో గురక, ఫిట్స్, స్పృహ తప్పినా చక్కగా ఊపిరి తీస్తున్న మనిషి, ఎగశ్వాస, ఏ కదలికా లేని ఛాతీ, అన్నీ కలగలిపి. ఒక్కోదానికి పది సెకన్లు: నొక్కడం మొదలుపెట్టాలా, వద్దా? ఎగశ్వాస ముక్కల్లో ఒక్కటి తప్పినా పాఠం మళ్లీ మొదటికి. మిగతావాటిలో ఒకటి తప్పితే సర్దుకోవచ్చు. అనుమానంలో ఉంటే మొదలుపెట్టడమే మంచిది. గుండె ఆడుతున్న మనిషిని పొరపాటున కాసేపు నొక్కితే ఒంట్లో నొప్పి మిగలొచ్చు, తీవ్రమైన దెబ్బ తగలడం అరుదు. ఆగిన గుండెను నొక్కకపోతే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు జారిపోతుందని లెక్క. మెదడు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది.

ఫోను సంగతి కూడా తెర మీదే వస్తుంది. అత్యవసర నంబరుకు కలిపి, స్పీకరు ఆన్ చేసి, పడిపోయిన మనిషి తల పక్కన నేల మీద పెట్టాలి. ఫోను చెవికి ఆనించుకుంటే ఒక చెయ్యి పోయినట్టే. చాలాచోట్ల అటువైపు ఫోనెత్తినవారే నొక్కే తాళం లెక్కపెట్టి చెబుతారు. పక్కన ఇంకెవరైనా ఉంటే ‘ఎవరైనా ఫోన్ చేయండి’ అని గాల్లోకి అనకూడదు. ఎవరో చేస్తారులే అని అందరూ ఊరుకుంటారు. ‘నీలం చొక్కా బాబూ, నువ్వు ఫోన్ చెయ్. అమ్మా, మీరు ఏఈడీ ఎక్కడుందో చూసి పట్టుకురండి’ అని వేలు చూపి చెప్పాలి. ఏఈడీ అంటే అవసరమైతే గుండెకు కరెంటు షాక్ ఇచ్చే పెట్టె.

ఇక చేతుల సంగతి. ఆన్‌లైన్ కోర్సులు చతికిలపడేది ఇక్కడే.

మనిషి వెల్లకిలా, గట్టి నేల మీద ఉండాలి. పరుపు మీద నొక్కితే ఛాతీతోపాటు పరుపూ దిగుతుంది. మీ చేతులు 5 సెంటీమీటర్లు దిగినట్టే కనిపిస్తాయి, రొమ్ము ఎముక మాత్రం అంత దిగదు. కిందికి దించడానికి ఇద్దరు పట్టాలి, తలకు దెబ్బ తగలకుండా. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మోకాళ్లు భుజాలంత ఎడంగా పెట్టుకోవాలి. ఒక అరచేతిలో మణికట్టుకు ఆనుకుని ఉండే గట్టి భాగాన్ని ఛాతీ నడిమధ్య, రొమ్ము ఎముక కింది సగం మీద ఆనించాలి. గుండె ఎడమవైపు ఉంటుందని చిన్నప్పటినుంచీ విన్నందువల్ల చెయ్యి తనంతట తానే ఎడమకు జరుగుతుంది. అక్కడ నొక్కితే పక్కటెముకలే వంగుతాయి, గుండె నలగదు. మరీ కిందికి జారితే కడుపు మీద పడుతుంది. రెండో చెయ్యి మొదటిదాని మీద వేసి, వేళ్లు పెనవేసి, ఛాతీకి తగలకుండా పైకెత్తి ఉంచాలి. మోచేతులు బిగించి, భుజాలు సరిగ్గా చేతులకు పైన ఉండేలా ముందుకు వంగాలి. నొక్కేది చేతి కండ కాదు, నడుము నుంచి దిగే ఒంటి బరువు. చేతులు కర్రల్లా ఉండి, ఒళ్లు పైనుంచి వచ్చి వాలాలి.

లోతు కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటకుండా. వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవాలి. ఈ మూడో సంగతిని కోర్సులు ఒక్క వాక్యంలో దాటేస్తాయి, నిజానికి సగం పని అందులోనే ఉంది. నొక్కినప్పుడు గుండెలోంచి రక్తం బయటికి వెళ్తుంది, వదిలినప్పుడు మళ్లీ నిండుతుంది. గుండె కండరానికి రక్తం అందేది కూడా ఎక్కువగా వదిలినప్పుడే. అలసిపోయినవాడు చేతుల మీద వాలి ఉండిపోతాడు, నొక్కు అయిపోయినా బరువు పూర్తిగా తీయడు. బయటినుంచి చూస్తే బాగానే నొక్కుతున్నట్టుంటుంది, లోపల గుండె నిండడం లేదు. వేగం 120 దాటినా అంతే, నిండే వ్యవధి తగ్గుతుంది, లోతూ తగ్గుతుంది. అన్నీ సరిగ్గా చేసినా మామూలుగా గుండె ఆడించే రక్తంలో పావు నుంచి మూడో వంతే ఆడుతుంది. అందుకే ఇందులో ఏ కొరతకూ చోటు లేదు.

ఆపడం కూడా ఖరీదైన తప్పు. వరసగా నొక్కుతూ ఉంటే గుండె నాళాల్లో ఒత్తిడి మెల్లమెల్లగా పెరుగుతుంది. చేతులు తీయగానే టక్కున పడిపోతుంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ కింది నుంచి కూడగట్టుకోవాలి. ‘లేచాడేమో’ అని మధ్యలో ఆపి చూడటం అందుకే కూడదు. ఏ కారణంతో ఆపినా పది సెకన్లు దాటకూడదు. తొలి నొక్కుల్లో పక్కటెముకో, మృదులాస్థో పటుక్కుమనొచ్చు. ఆ చప్పుడుకు బెదిరి ఆపేవాళ్లు ఉంటారు. చేతులు సరైన చోట ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుని కొనసాగించాలి. ఎముక అతుకుతుంది.

ఈ పేరాలు చదివినవారికి అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఇప్పుడు రెండు నిమిషాలు ఆపకుండా నొక్కమనండి. రెండు వందలకు పైగా నొక్కులు. మొదటి నిమిషం దాటేసరికి లోతు తగ్గడం మొదలవుతుంది, నొక్కేవాడికి అది తెలియదు. తాను అలాగే నొక్కుతున్నాననే అనుకుంటాడు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలన్న నియమం అందుకే. ఈ సంగతిని ఏ వీడియో చూసినా నమ్మం, భుజాలు లాగితే నమ్ముతాం.

బొమ్మ లేనివాళ్లకు కోర్సులు దిండు చూపిస్తాయి. దిండు ఏమీ లేనిదానికన్నా నయమే గానీ అది ఒక చెడ్డ పాఠం కూడా నేర్పుతుంది. మెత్తటి దిండు ఏ బరువూ వేయకుండానే 5 సెంటీమీటర్లు దిగిపోతుంది. మోచేతులు వంచి, చేతి కండతోనే పని కానిచ్చేయొచ్చు. ఒళ్లు దానికే అలవాటు పడుతుంది. నిజం ఛాతీ అలా దిగదు. చాలామంది పెద్దవాళ్ల ఛాతీని అంత లోతు దించడానికి సుమారు 30 నుంచి 50 కిలోల బరువు వేయాలి.

ఆ బరువు ఎంతో చేతులకు తెలియడానికి ఇంట్లో బరువు చూసుకునే కాటా పనికొస్తుంది. ముల్లు తిరిగే పాత రకమైతే మేలు. అద్దం పలక ఉన్నది వద్దు. కాటాను నేల మీద పెట్టి, పైన ఒక తువ్వాలును మందంగా మడిచి వేయండి. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చేతులు ముందు చెప్పినట్టు పెట్టి, మెల్లగా వాలుతూ ముల్లు 40 దగ్గరికి వచ్చేదాకా వెళ్లి, అక్కడ ఆగండి. మోచేతులు వంచి అదే పని చేసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. ఆ తర్వాత తాళానికి నొక్కడం మొదలుపెట్టండి. ఇప్పుడు చూడాల్సింది ముల్లు ఎంతదాకా వెళ్లిందని కాదు, ప్రతిసారీ సున్నాకు తిరిగొస్తోందా అని. సున్నాకు రాకుండా 8 దగ్గరో 10 దగ్గరో ఆగి మళ్లీ పైకి వెళ్తోందంటే, మీరు చేతుల మీద వాలి ఉన్నారన్నమాట. తెరా, శిక్షకుడూ పట్టుకోలేని తప్పును ఆ ముల్లు పట్టిస్తుంది. అంకెల కాటా ఇంత వేగానికి తేరుకోదు, మొదటి భాగానికి మాత్రం పనికొస్తుంది. కాటా బరువు చూపుతుంది, లోతు చూపదు. ఛాతీ గట్టిదనం మనిషి మనిషికీ మారుతుంది. అందుకని బొమ్మ మీద ఒక్కసారైనా నొక్కి చూసే అవసరం తీరిపోదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని పడుకోబెట్టి అతని మీద నేర్చుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బతికున్న మనిషి మీద నటించి చూపే వీడియోలతో ఉన్న ఇబ్బంది కూడా ఇదే. నటుడికి దెబ్బ తగలకూడదని రెండు సెంటీమీటర్లే నొక్కుతారు, చూసినవాడి కంటికి అదే కొలత అయిపోతుంది.

తాళం గురించి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అనువాదం చేసిన కోర్సులన్నీ ఒకటి నుంచి ముప్పై దాకా పైకి లెక్కపెట్టమంటాయి, ముప్పై నొక్కులకోసారి రెండు ఊపిరులు ఊదాలి కాబట్టి. నిమిషానికి 110 అంటే ఒక్కో నొక్కుకు సెకనులో సగం కన్నా కొద్దిగా ఎక్కువ. ఆ వ్యవధిలో ‘ఇరవయ్యెనిమిది’ అనండి చూద్దాం. ఏడు అక్షరాలు. పది దాటగానే మన అంకెలు పొడుగవుతాయి, నాలుక ఆలస్యమవుతుంది, నాలుకతోపాటు చేతులూ ఆలస్యమవుతాయి. లేదా చేతులు సాగిపోయి లెక్క తప్పుతుంది. దీనికి మందు తేలిక: ఒకటి నుంచి పది దాకా మూడుసార్లు. పదిలోపు ‘ఎనిమిది’ ఒక్కటే కాస్త సాగేది, దాన్ని నోరు ఎలాగూ ‘ఎన్మిది’ చేసేస్తుంది. మూడో పదిని గొంతు పెంచి లెక్కపెడితే, ఊపిరి ఊదడానికి పక్కనున్నవారు సిద్ధమవుతారు. ఊదకుండా నొక్కడమే చేస్తుంటే లెక్క అక్కర్లేదు, తాళం చాలు. ఫోన్లో మెట్రోనోమ్ యాప్‌ను, అంటే టిక్కు టిక్కుమంటూ తాళం వేసేదాన్ని, 110కి పెట్టుకుని సాధన చేయొచ్చు.

డబ్బింగులో ఇంకో అవస్థ ఉంది. తెర మీద ‘ఛాతీ సంపీడనలను అవిచ్ఛిన్నంగా కొనసాగించండి’ అని వస్తుంది. ఆ వాక్యం పూర్తయ్యేలోపు నాలుగైదు నొక్కులు పడాలి. ‘గట్టిగా నొక్కు, వదులు, ఆపకు’ అంటే సరిపోయేదానికి.

ఆన్‌లైన్ కోర్సు తయారుచేసేవాళ్లు తరచూ మరిచిపోయే చిన్న సంగతి వీడియో వేగం. ఈ రోజుల్లో పాఠాలను ఒకటిన్నర రెట్ల వేగంతో చూడటం మామూలైపోయింది. మాటలు అర్థమవుతాయి, ఇబ్బంది లేదు. కానీ 110 తాళంతో చూపించిన నొక్కులు ఒకటిన్నర రెట్లలో 165 అవుతాయి. అది చూసి నేర్చుకున్నవాడి చేతులు అంతే వేగంగా, అంతే పైపైన ఆడతాయి. నొక్కే భాగం వచ్చినప్పుడు వేగం మార్చే వీలు తీసేయాలి. ఆ భాగాన్ని ముందు చూపించి తర్వాత చేయమనడం కూడా సరికాదు, చూస్తూనే చేయించాలి. వీడియోలో మనిషి రెండు నిమిషాలు నొక్కితే, చూసేవాడూ రెండు నిమిషాలు నొక్కాలి. ‘ఇలా కొనసాగించాలి’ అని పది సెకన్లలో కత్తిరిస్తే అసలు పాఠం కత్తెరలో పోయినట్టే.

వీడియో కాల్లో నేర్పేవారికి మరికొన్ని చిక్కులు. నేర్చుకునేవాళ్లు ఫోనును ఎదురుగా పెడతారు, ముఖం చక్కగా కనిపిస్తుంది, మోచెయ్యి వంగిందో లేదో, ఛాతీ లేచిందో లేదో కనిపించదు. ఫోను పక్కనుంచి, నేలకు జానెడు ఎత్తులో, భుజం నుంచి మోకాలి దాకా తెరలో పట్టేంత దూరంలో ఉండాలి. శిక్షకుడు చప్పట్లు కొట్టి తాళం వేస్తానంటే కుదరదు. నెట్‌వర్క్‌లో చప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో ఆలస్యంతో చేరుతుంది. పైగా వీడియో కాల్ యాప్‌లు మాట కాని చప్పుడును అనవసరమైన రొద అనుకుని తుడిచేయగలవు, చప్పట్లూ మెట్రోనోమూ అందులో కొట్టుకుపోతాయి. ఎవరి మెట్రోనోమ్ వారి దగ్గరే మోగాలి. ఇక ఒక తెర మీద ముప్పై మందిని కూర్చోబెట్టి తప్పులు దిద్దుతామనడం ఉత్తమాట. ఒక శిక్షకుడు ఒక్కసారి ఆరుగురికి మించి చూడలేడన్నది మా అంచనా.

ఊపిరి ఊదడం దగ్గర కోర్సులు నిజాయితీగా ఉండొచ్చు. పెద్దవాళ్లు ఉన్నట్టుండి కుప్పకూలితే, శిక్షణ లేనివారు నొక్కడం ఒక్కటే చేస్తే చాలని, సీపీఆర్ మార్గదర్శకాలు వెలువరించే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లోనే చెప్పింది. తొలి నిమిషాల్లో రక్తంలో ప్రాణవాయువు ఇంకా ఉంటుంది, దాన్ని ఆడించడమే ముఖ్యం. పిల్లలకూ, నీట మునిగినవారికీ అలా కాదు. వాళ్ల గుండె ఆగిందే ఊపిరందక. వాళ్లకు ఊపిరి ఊదాలి: 30 నొక్కులకు 2 ఊపిరులు. నుదుటి మీద చెయ్యి వేసి తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటికి నోరు బిగించి, ఒక్క సెకను ఊదాలి. ఛాతీ లేవడం కంటికి కనిపిస్తే చాలు. గట్టిగా ఊదితే గాలి కడుపులోకి పోయి, వాంతి పైకి తన్ని, ఊపిరి దారినే మూసేస్తుంది. లేవకపోతే తల మళ్లీ సర్ది ఇంకోసారి. రెండు ప్రయత్నాలు దాటితే వదిలేసి నొక్కడానికి వెళ్లాలి. తల ఎంత వంచాలో, నోరు ఎంత బిగించాలో బొమ్మ లేకుండా రాదు. పిల్లల్ని చూసుకునేవారు ఈ భాగం కోసం తరగతికి వెళ్లి తీరాలి. ‘ఆన్‌లైన్లో అయిపోయింది కదా’ అంటే కుదరదు.

ఏఈడీ మాత్రం తెరకు సరిపోయే పాఠం, ఎందుకంటే ఆ పెట్టె తానే మాట్లాడుతుంది. ఆన్ చేయాలి, చెప్పింది చేయాలి. వీడియో నేర్పాల్సినవి పెట్టె చెప్పని సంగతులు. ఛాతీ తడిగా ఉంటే తుడవాలి. ఒక ప్యాడ్ కుడి మెడ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కకు. గుండె లయను నడిపే పేస్‌మేకర్ పరికరం చర్మం కింద గడ్డలా కనిపిస్తే దాని మీద కాకుండా పక్కన. మందు పట్టీ ఉంటే పీకేసి తుడవాలి. ఛాతీ మీద బట్ట అడ్డుంటే తీయడమో కత్తిరించడమో చేయాలి. పడిపోయింది ఆడమనిషైతే చుట్టూ ఉన్నవాళ్లు ఇక్కడే జంకుతారు. అందుకే వీడియోల్లో పడిపోయే మనిషి ప్రతిసారీ మగవాడే కాకూడదు. ప్యాడ్లు అంటించేదాకా నొక్కడం ఆపకూడదు, షాక్ ఇచ్చాక ‘ఏమైంది’ అని చూస్తూ ఉండకూడదు, వెంటనే మళ్లీ నొక్కాలి. షాక్ అక్కర్లేదని పెట్టె చెప్పినా, గుండె ఆడుతోందని కాదు దాని అర్థం. ఆ లయకు షాక్ పనిచేయదని. అప్పుడూ నొక్కాల్సిందే.

ఆన్‌లైన్ పనిచేయదన్నది మా వాదన కాదని మళ్లీ చెబుతున్నాం. అరగంట వీడియో చూస్తూ చిన్న బొమ్మ మీద ఇంట్లోనే నేర్చుకున్నవాళ్లు, గంటల తరబడి తరగతికి వెళ్లినవాళ్లకు తీసిపోలేదని పరిశోధనలు చూపాయి. వాటిని ఉదహరించే కోర్సులు చాలానే ఉన్నాయి, ఆ వీడియోతోపాటు బొమ్మ కూడా ఇచ్చారన్న సంగతి మాత్రం చెప్పవు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2020 మార్గదర్శకాలు కూడా సొంతంగా నేర్చుకోవడాన్ని, చేతితో చేయించే శిక్షణను కలిపి పెట్టమన్నాయి. శిక్షకుడు దొరకనప్పుడే సొంత నేర్పు ఒక్కదానితో సరిపెట్టుకోమన్నాయి. డెన్మార్క్ 2005లో బడిలో, మరుసటి ఏడాది డ్రైవింగ్ లైసెన్సుకు ఈ శిక్షణను తప్పనిసరి చేసింది. అక్కడ ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో పక్కనున్నవాళ్ల చేత సీపీఆర్ అందుకున్నవారు 2001లో నూటికి 21 మంది, 2010లో 45 మంది. ముప్పై రోజులు దాటి బతికినవారు నూటికి మూడున్నర నుంచి దాదాపు పదకొండుకు చేరారు. అంబులెన్సులూ ఆసుపత్రులూ మెరుగైన ఫలితం కూడా అందులో ఉంది, అంతా శిక్షణ మహిమే అనలేం. పన్నెండేళ్ల వయసు నుంచి బడిలో ఏటా రెండు గంటలు నేర్పాలన్న పిలుపునకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో మద్దతిచ్చింది. ఏటా అన్న మాటను ఆన్‌లైన్ కోర్సులు పట్టించుకోవాలి. ఈ పని నేర్చుకున్న మూడు నుంచి ఆరు నెలల్లోనే చేతులు మరిచిపోవడం మొదలవుతుంది. రెండేళ్లు చెల్లే సర్టిఫికెట్టు ఇచ్చి ఊరుకునే బదులు, మూణ్ణెల్లకోసారి ‘రెండు నిమిషాలు నొక్కండి’ అని ఫోనుకు ఒక వీడియో పంపడం వాళ్ల చేతిలో పనే. తరగతి చేయలేనిది, తెర సునాయాసంగా చేయగలిగేది ఇదే.

సర్టిఫికెట్టు మీద రెండు గళ్లు ఉండాలని మా కోరిక. ఒకటి ‘గుర్తుపట్టడం, వరస: ఆన్‌లైన్లో పూర్తి’. రెండోది ‘చేతి సాధన: బొమ్మ మీద, ఫలానా తేదీ’. రెండో గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే కనపడాలి. ఉద్యోగానికో, బడికో ఆ కాగితం చూపించినప్పుడు అడిగేవాళ్లకు ఏది ఉందో ఏది లేదో తెలుస్తుంది.

చివరగా పాత వీడియోల బెడద. ఇంటర్నెట్లో పెట్టింది పోదు, మార్గదర్శకాలు మాత్రం మారుతుంటాయి. కోర్సులన్నీ ఏ ఏడాది మార్గదర్శకాలను బట్టి చెబుతున్నాయో మొదటి తెర మీదే వేయాలి. వేయనివాటిని పాఠకులే కొన్ని గుర్తులతో పట్టుకోవచ్చు. పెద్దవాళ్లకు 15 నొక్కులకు 2 ఊపిరులు అంటే అది 2005కు ముందుది. ముందు ఊపిరి ఊది ఆ తర్వాత నొక్కమన్నా, చెవి ముక్కు దగ్గర పెట్టి ‘చూడండి, వినండి, తాకి తెలుసుకోండి’ అన్నా అది 2010కి ముందు చేసినది కావచ్చు. వేగం ‘కనీసం వంద’ అని చెప్పి పైహద్దు చెప్పకపోతే 2015కు ముందుది. పసిపిల్లలకు రెండు వేళ్లతో నొక్కమంటే అదీ పాతబడింది. 2025లో వచ్చిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాలు ఆ పద్ధతిని వదిలేశాయి. ఒక అరచేతి గట్టి భాగంతో గానీ, రెండు చేతులతో ఛాతీని చుట్టి రెండు బొటనవేళ్లతో గానీ, ఛాతీ మందంలో మూడో వంతు, అంటే సుమారు 4 సెంటీమీటర్లు నొక్కమన్నాయి. గుండె పట్టేసినప్పుడు గట్టిగా దగ్గుతూ ఉంటే సీపీఆర్ మీకు మీరే చేసుకున్నట్టని చెప్పే వీడియో కనిపిస్తే, అది పాతదీ కాదు, కొత్తదీ కాదు, తప్పు. దాన్ని ఇంకొకరికి పంపకండి.

ఇట్లు,
ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షకులు కొందరు